ముందు రంగు నూరండి, తరవాత బొమ్మ

పర్లాకిమిడిలో ఉన్న మనవలకీ మనవరాళ్ళకీ,

యూనిట్ టెస్టులని ఇల్లంతా టెన్షన్‌గా ఉందనీ, బొమ్మలు వేసుకోమంటే "మాకు రాదు" అంటున్నారనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మీకు బొమ్మ రాకపోవడం కాదర్రా, తెల్ల కాగితం చూస్తే భయం. ఆ భయం పోవాలంటే కాగితం జోలికి వెళ్ళకముందు చేతికి వేరే పని కావాలి.

మన ఒడిశాలో గజపతి, రాయగడ జిల్లాల కొండల్లో సవర గిరిజనులు ఇంటి గోడ మీద వేసే బొమ్మని ఇడితాల్ అంటారు. గోడకి ఎర్రమట్టి అలికి, బియ్యం రుబ్బిన పిండితో, వెదురు పుల్లతో వేస్తారు. ముందు చుట్టూ అంచు గీసి, అక్కణ్ణించి లోపలికి వస్తారు. సూర్యుడు, చంద్రుడు, ఏనుగు, చెట్లు, చేతులు పట్టుకుని ఆడే మనుషులు ఉంటారు. ఈ మధ్య సైకిలూ విమానమూ కూడా చేరాయి. అయితే అది దేవతల కోసం, చనిపోయిన పెద్దల కోసం వేసేది, గోడకి అలంకారం కాదు. అందుకని దాన్ని చూసి చార్టు మీద దించేయడం నాకు నచ్చదు. పద్ధతి నేర్చుకోండి చాలు. ముందు అంచు వేసుకుంటే కాగితం సగం మచ్చికవుతుంది. లోపల మన వీధి వేయండి, మహేంద్రతనయ నది ఒడ్డు వేయండి.

ఇక రంగులు. అసలు సరదా ఇక్కడే. వానలకి టేకు చిగుళ్ళు వచ్చి ఉంటాయి. లేత ఆకు అరచేతుల్లో నలిపితే చెయ్యి ఎర్రగా అవుతుంది. పసుపులో చిటికెడు సున్నం కలిపితే ఎరుపు, పెళ్ళిలో కాళ్ళకి పెట్టే పారాణి అలాగే చేస్తారు. శంఖుపువ్వులు వేడినీళ్ళలో వేస్తే నీలం దిగుతుంది. అందులో నిమ్మరసం చుక్క చుక్కగా పిండుతూ ఉండండి, ఊదాకి తిరిగి, ఇంకా పిండితే గులాబీ అవుతుంది. పువ్వులోని రంగుకి పులుపు తగిలితే మారే గుణం ఉంది. నలుపుకి బొగ్గు ఉండనే ఉంది. తెలుపుకి బియ్యం నానబెట్టి మెత్తగా రుబ్బి, కొంచెం తుమ్మజిగురు కలపండి, రాలిపోకుండా ఉంటుంది. వెదురు పుల్ల చివర రాయితో నలగ్గొడితే కుంచె తయారు.

ఇవన్నీ అయ్యేసరికి గంట గడుస్తుంది. ఆ గంటలో ఎవరికీ మార్కులు గుర్తురావు. మనసుని ఊరికే కూర్చోబెట్టి "నిమ్మళంగా ఉండు" అంటే వినదు, పిండి మెత్తగా నలిగిందో లేదో చూడమంటే వింటుంది. ఫోన్‌లో రంగులేసే ఆటలున్నాయి కదా అంటారేమో. వాటిలో నూరే పని లేదు, అందుకే రెండు నిమిషాలకి విసుగొస్తుంది.

మార్గశిరం వచ్చాక గురువారాలు ఎదురింటి ఒడియా మాఉసి (పిన్ని) దగ్గరికి వెళ్ళండి. బియ్యప్పిండి నీళ్ళలో వేళ్ళు ముంచి ఆవిడ గీసే ఝొటి అనే తడి ముగ్గులో లక్ష్మీపాదాలు, వరికంకులు ఉంటాయి. చెయ్యి ఎంత తీరుబడిగా కదులుతుందో చూడండి. మన నెలముగ్గు పొడి ముగ్గు కాబట్టి చెయ్యి వేరేలా తిరుగుతుంది. రెండూ నేర్చుకోవడం సరిహద్దు ఊళ్ళో పుట్టినందుకు మీకు దొరికిన లాభం.

సున్నం మాత్రం అమ్మనో నాన్ననో కలపమనండి, కంట్లో పడితే ప్రమాదం. శంఖుపువ్వు రంగు ఎండకి వెలిసిపోతుంది, బొమ్మ కిటికీ దగ్గర పెట్టకండి. చిన్నాడికి రుబ్బే పని ఇవ్వండి, వాడికి బొమ్మ కంటే అదే ఇష్టం.

మీ తాతయ్య