వజ్రంలో ఒంటరి కేంద్రకం: స్పిన్ కొలత ఇక్కడిదాకా ఎలా వచ్చింది

కార్బన్-13 (కార్బన్‌లో కాస్త బరువైన, అరుదైన రకం) కేంద్రకం స్పిన్ అనే గుణం వల్ల చిన్న అయస్కాంతంలా ఉంటుంది; దాని బలం ఎలక్ట్రాన్ బలంలో సుమారు 2,600వ వంతు. అందుకే చుట్టుపక్కల అలజడి దాన్ని పెద్దగా తాకదు, క్వాంటమ్ సమాచారం దానిలో చాలాసేపు నిలుస్తుంది. కొలవడం కష్టమైందీ అందుకే. ఈ ప్రయోగాల్లో కేంద్రకాన్ని నేరుగా చూడరు. దగ్గరున్న ఎలక్ట్రాన్ ద్వారా తెలుసుకుంటారు.

ఆ ఎలక్ట్రాన్ ఎన్‌వీ (నైట్రోజన్-వేకెన్సీ) సెంటర్ అనే స్ఫటిక లోపానిది: వజ్రంలో ఒక కార్బన్ స్థానంలో నైట్రోజన్, దాని పక్కనే ఖాళీ. ఆకుపచ్చ లేజర్ వేస్తే ఎర్రగా వెలుగుతుంది, 2.87 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్ తగిలితే ఆ వెలుగు తగ్గుతుంది. 1997లో జర్మనీ పరిశోధకులు ఒకే ఒక్క సెంటర్‌లో దీన్ని చూశారు. 2004లో స్టుట్‌గార్ట్ బృందం ఆ ఎలక్ట్రాన్‌ను ఆనుకుని ఉన్న ఒక్క కార్బన్-13 స్పిన్‌ను తిప్పి చూపింది.

అసలు ఇబ్బంది రీడౌట్‌లో, అంటే స్పిన్ స్థితిని చదవడంలో వచ్చింది. ఒక్కసారి చదివితే డిటెక్టర్‌కు సగటున ఒక్క ఫోటాన్ (వెలుగు కణం) కూడా అందదు. పైగా ఆ లేజరే ఎలక్ట్రాన్ స్థితిని చెరిపేస్తుంది. 2010లో స్టుట్‌గార్ట్‌లోనే దారి దొరికింది. ఎన్‌వీ సెంటర్‌లోని నైట్రోజన్ కేంద్రకపు స్థితిని ఎలక్ట్రాన్ మీదికి ఎక్కించి, చదివి, మళ్లీ ఎక్కించి, ఇలా వేలసార్లు చేసి ఫోటాన్లను కూడబెట్టారు. లేజర్ వెలుగులో కేంద్రకం తిరగబడకుండా సుమారు 0.65 టెస్లా అయస్కాంత క్షేత్రం వాడారు. క్షేత్రం సెంటర్ అక్షం నుంచి కాస్త పక్కకు జరిగినా స్థితులు కలగలిసి, వెలుగులో తేడా పడిపోతుంది.

దూరపు కేంద్రకాల సంకేతం ఎలక్ట్రాన్ స్పెక్ట్రమ్ రేఖ వెడల్పులో మునిగిపోతుంది. 2012లో డెల్ఫ్ట్ (నెదర్లాండ్స్), హార్వర్డ్, స్టుట్‌గార్ట్ బృందాలు ఎలక్ట్రాన్‌ను క్రమంగా మైక్రోవేవ్ పల్స్‌లతో తిప్పుతూ వాటిని పట్టుకున్నాయి. పల్స్‌ల మధ్య ఎడం కేంద్రకపు భ్రమణ కాలంలో సగానికి కుదిరితే ఎలక్ట్రాన్ కోహెరెన్స్ (క్వాంటమ్ స్థితి చెదరకుండా నిలవడం) పడిపోతుంది. 40 మిల్లీటెస్లాలో ఆ ఎడం 1.17 మైక్రోసెకన్లు. ఎలక్ట్రాన్‌కూ కేంద్రకానికీ మధ్య ఉండే కపులింగ్‌లో (అయస్కాంత బంధంలో) క్షేత్రానికి అడ్డంగా ఉండే భాగం లేకపోతే మాత్రం ఆ తగ్గుదల కనిపించదు. ఈ దారిలోనే 2019లో డెల్ఫ్ట్ బృందం 4 కెల్విన్ల దగ్గర 27 కేంద్రకాల స్థానాలను గుర్తించింది. ఈ రంగంలో ఇంత అందమైన ఫలితాలు కొన్నే.

వజ్రం ఉపరితలం మీది ప్రోటాన్లను (హైడ్రోజన్ కేంద్రకాలను) వెతికేవారు ఒకటి తప్పక చూసుకోవాలి. పల్స్‌కు కొంత నిడివి ఉంటుంది కాబట్టి కార్బన్-13 నాలుగో హార్మోనిక్ (దాని పౌనఃపున్యానికి నాలుగు రెట్లు) దగ్గర నకిలీ సంకేతం పుడుతుంది. 40 మిల్లీటెస్లాలో అది 1.713 మెగాహెర్ట్జ్, అసలు ప్రోటాన్‌ది 1.703. 2015లో ఈ సంగతి వివరంగా తేలింది. క్షేత్రం పెంచితే ఆ రెండూ దూరమవుతాయి; కార్బన్-13 తీసేసి దాదాపు కార్బన్-12తోనే చేసిన వజ్రం వాడితే నకిలీది దాదాపు మాయమవుతుంది.