రోమ్‌లో డ్రైవరుతో కారు మాట్లాడుకునే ముందు: అపోహలు – వాస్తవాలు

“కారు మాట్లాడేశాం కదండీ, ఇక కొలోసియం లోపలికి డ్రైవరే తీసుకెళ్తాడు కదా?” అన్న ప్రశ్న, రోమ్‌లో తెలుగు కుటుంబాలకు కారు యాత్రలు ఏర్పాటు చేసే వృత్తిలో ఉన్న నాకు ప్రతి వేసవిలోనూ ఎదురవుతూనే ఉంటుంది. అడిగేవారిని నేను తప్పు పట్టను. విశాఖలో కారు మాట్లాడుకుని అరకు వెళ్తే, బొర్రా గుహల దగ్గర టికెట్లు ఎక్కడ తీసుకోవాలో, మధ్యాహ్నం ఎక్కడ భోంచేయాలో డ్రైవరే చూసుకుంటాడు. రోమ్‌లో వ్యవస్థ అది కాదు. ఆ తేడా తెలియకపోవడం వల్ల కుటుంబాలు రోజంతటి కారు అద్దె చెల్లించి కూడా ప్రాచీన రోమన్ల ప్రదర్శనశాల అయిన కొలోసియాన్ని బయటి నుంచే చూసి వెళ్లిపోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది కాబట్టి, మిగతా అపోహల కంటే దీని గురించే ఎక్కువగా రాస్తున్నాను.

అపోహ: కారు అద్దెలోనే గైడు, టికెట్లు, క్యూ లేని ప్రవేశం అన్నీ కలిసి ఉంటాయి.

వాస్తవం: మీరు చెల్లించే అద్దె ఒక వాహనానికి, దాన్ని నడిపే లైసెన్సు గల డ్రైవరుకు, కొన్ని గంటల కాలానికి మాత్రమే. ఇటలీలో ఈ సేవను ఎన్‌సీసీ అంటారు, ‘డ్రైవరుతో కూడిన అద్దె వాహనం’ అన్న ఇటాలియన్ మాటలకు పొడి అక్షరాలు అవి. 1992 నాటి చట్టం ప్రకారం ఇది టాక్సీకి భిన్నమైనది. ముందుగా బుక్ చేసుకున్నవారినే ఎక్కించుకోవాలి తప్ప, రోడ్డు మీద చెయ్యెత్తినవారి కోసం ఆగకూడదు. పర్యాటక గైడు పని పూర్తిగా వేరే వృత్తి. దానికి ప్రత్యేక అర్హత ఉండాలి, 2023 డిసెంబరులో ఆ వృత్తిని దేశవ్యాప్తంగా ఒకే పద్ధతిలోకి తెచ్చే కొత్త చట్టం కూడా వచ్చింది. కారు వెళ్తుండగా కిటికీలోంచి కనిపించేదాన్ని గురించి డ్రైవరు నాలుగు మాటలు చెప్పవచ్చు, మంచి డ్రైవర్లు ఎంతో ఇష్టంగా చెబుతారు కూడా. అయితే గైడు అర్హత లేని డ్రైవరు మిమ్మల్ని స్మారకం లోపలికి తీసుకెళ్లి వివరించకూడదు. అదీకాక, బండి ఆపుకునే చోటే దొరకని ఈ నగరంలో ఆయన దాన్ని వదిలి మీ వెంట రావడం సాధ్యమయ్యే పని కాదు.

ఇక టికెట్ల విషయం. కొలోసియం, దాని పక్కనే ఉన్న ప్రాచీన నగర కేంద్రపు శిథిలాలైన రోమన్ ఫోరం, పలటైన్ కొండ మూడింటికీ కలిపి ఇచ్చే సాధారణ టికెట్ ధర 18 యూరోలు, ఒక కుటుంబానికి కారు అద్దెతో పోలిస్తే అది పెద్ద మొత్తం కాదు. దొరకడమే కష్టం. అధికారిక వెబ్‌సైట్‌లో సాధారణంగా 30 రోజుల ముందు అమ్మకం మొదలవుతుంది, రద్దీ నెలల్లో అనుకూలమైన వేళలు చూస్తుండగానే అయిపోతాయి. ఇలా అయిపోవడానికి కారణం జనం ఎక్కువ కావడం ఒక్కటే కాదు. కంప్యూటర్ ప్రోగ్రాములతో టికెట్లను మూకుమ్మడిగా లాగేసుకుని, వాటికి ఏవో సేవలు జోడించి ఎక్కువ ధరకు అమ్మిన వ్యవహారంలో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ 2025 ఏప్రిల్‌లో టికెట్ల నిర్వహణ సంస్థకూ, కొన్ని పర్యాటక సంస్థలకూ కలిపి సుమారు 2 కోట్ల యూరోల జరిమానా విధించింది. ఇటువంటి అమ్మకాలను అరికట్టడానికే 2023 అక్టోబరు నుంచి టికెట్ మీద సందర్శకుడి పేరు ఉండాలన్న నియమం పెట్టారు. ద్వారం దగ్గర గుర్తింపు పత్రం చూపించాలి, పేరు సరిపోవాలి.

ఈ పేరు నియమం దగ్గరే మనవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడతారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, టికెట్ మీద పొడి అక్షరం ఉంటుంది. పాస్‌పోర్టులో “వెంకట నాగ లక్ష్మి” అని ఉంటే, కొడుకు హడావుడిగా ఫోనులో “లక్ష్మి” అని మాత్రమే కొట్టి బుక్ చేస్తాడు. పెద్దవాళ్ల పాస్‌పోర్టుల్లో కొన్నిసార్లు ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి మొత్తం పేరంతా ఒకే గడిలో ఉంటుంది. దయచేసి పాస్‌పోర్టును పక్కన పెట్టుకుని, అందులో ఉన్న అక్షరాలను ఉన్నవి ఉన్నట్లు చూసి రాయండి. అలాగే 18 ఏళ్లలోపు పిల్లలకు ప్రవేశం ఉచితమని విని వారికి టికెట్ తీసుకోని తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. ఉచితమే, కానీ వారి పేరు మీద కూడా సున్నా ధర టికెట్ బుక్ అయి ఉండాలి.

ఆరుగురున్న ఒక కుటుంబం గురించి చెప్పాలి. స్వదేశంలోని ఏజెంటు “అన్నీ కలిపే” అని చెప్పి డబ్బు తీసుకున్నారు, ఉదయం తొమ్మిదింటికల్లా వ్యాన్ కూడా హోటల్ ముందుకు వచ్చింది. కొలోసియం దగ్గర దిగాక, టికెట్లు ఏవని వారు డ్రైవరును అడిగారు, డ్రైవరు వారినే అడిగాడు. ఏజెంటు ఫోను ఎత్తలేదు. అక్కడ తిరిగే దళారి ఒకరు వెంటనే లోపలికి పంపిస్తానంటూ మనిషికి ఎన్నో రెట్లు ధర చెప్పాడు. అప్పుడు వారు ఎవరి ద్వారానో నా నంబరు సంపాదించి ఫోను చేశారు. ఆ రోజుకు టికెట్లు లేవు, నేను చేయగలిగిందీ ఏమీ లేదు. వారిని పలటైన్ కొండ వెనుక ఉన్న సర్కస్ మాక్సిమస్ అనే ప్రాచీన రథాల పందెపు మైదానం వైపు, అక్కడి నుంచి కాపిటోలిన్ కొండ మీదికి పంపించాను. ఆ కొండ వెనుక వైపు నుంచి ఫోరం మొత్తం టికెట్ లేకుండానే కనిపిస్తుంది. ఆ ఇంటి పెద్దాయన చిన్నప్పుడు చరిత్ర పుస్తకంలో చూసిన కొలోసియం లోపల ఒక్కసారి నిలబడాలని ఇన్నేళ్లు అనుకున్నారని ఆయన కోడలు చెప్పినప్పుడు, నాకు ఆ ఏజెంటు మీద వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.

అందుచేత క్రమం ఇది: ముందు టికెట్లు, ఆ టికెట్ల వేళలను బట్టి కారు. కారు సంస్థగానీ ఏజెంటుగానీ “టికెట్లు మేమే చూసుకుంటాం” అంటే, మీ అందరి పేర్లు ముద్రించిన టికెట్లు చేతికి వచ్చాకే ఆ మాట నమ్మండి. గైడు కావాలంటే, లైసెన్సు గల గైడును వేరుగా, అదే వేళకు ఏర్పాటు చేసుకోండి.

“క్యూ ఉండదు” అన్న ప్రచారం గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే వాట్సాప్‌లో తిరిగే ఈ మాట వినీ వినీ నాకు విసుగు పుట్టింది. ముందుగా బుక్ చేసుకున్న టికెట్ వల్ల తప్పేది టికెట్ కొనే క్యూ మాత్రమే. భద్రతా తనిఖీ క్యూ అందరికీ ఉంటుంది. వాటికన్‌లోని పెద్ద చర్చి సెయింట్ పీటర్స్ బసిలికాలోకి ప్రవేశం ఉచితం, అక్కడున్న పొడవైన వరుస తనిఖీ కోసమే. ఎంత ఖరీదైన కారులో దిగినా ఆ వరుసలో నిలబడవలసిందే. భుజాలు, మోకాళ్లు కప్పుకోని వారిని లోపలికి రానివ్వరు.

అపోహ: కారు ప్రతి కట్టడం గుమ్మం దాకా వెళ్తుంది.

వాస్తవం: రోమ్ పాత నగరంలో ఎక్కువ భాగం వాహనాలను పరిమితం చేసిన ప్రాంతం. అనుమతి నమోదు చేసుకున్న ఎన్‌సీసీ వాహనాలు అందులోకి వెళ్లగలవు, కానీ నడకదారులుగా మార్చిన చోట్లకు అవి కూడా వెళ్లలేవు. ట్రెవీ ఫౌంటెన్‌కు వెళ్లాలంటే వియా దెల్ ట్రిటోనే మీద దిగి కొన్ని నిమిషాలు నడవాలి. ప్రాచీన ఆలయం పాంథియాన్‌కు లార్గో అర్జెంటీనా చౌక్ నుంచి నడక. పియాజ్జా నవోనా, స్పానిష్ మెట్ల ముందున్న చౌక్ కూడా అంతే. కొలోసియం నుంచి వెళ్లే ఫోరి ఇంపీరియాలి వీధిలో 2013 నుంచే ప్రైవేటు వాహనాలపై ఆంక్షలు ఉన్నాయి. 2024 డిసెంబరులో కాస్టెల్ సాంట్ ఆంజెలో కోట పక్కనున్న పియాజ్జా పియా చౌక్‌ను పాదచారులకు అప్పగించి వాహనాల దారిని భూమి కిందికి మళ్లించారు కాబట్టి, పాత వీడియోలు చూసి “కాస్టెల్ సాంట్ ఆంజెలో ముందే దింపండి” అని డ్రైవరుతో వాదించడం వల్ల ప్రయోజనం లేదు. పైగా నేలంతా చిన్న చిన్న నల్లరాళ్లు పరచి ఉంటుంది, మెత్తటి మడమ గల బూట్లు వేసుకోవడం మంచిది.

అపోహ: ప్రైవేటు కారు ఉంది కాబట్టి ఓడ ఆగిన ఒక్క రోజులో రోమ్ అంతా చూసేయవచ్చు.

వాస్తవం: క్రూజ్ ఓడలు ఆగేది రోమ్‌లో కాదు, సుమారు 80 కిలోమీటర్ల దూరంలోని చివితావెక్కియా రేవులో. రానూ పోనూ మూడు గంటలు రోడ్డు మీదే గడుస్తాయి. ఎనిమిది గంటల కారులో మిగిలేది ఐదు గంటలు. వాటికన్ మ్యూజియంలకే కనీసం మూడు గంటలు కావాలి. కాబట్టి కొలోసియం లోపలికా, వాటికన్ మ్యూజియంల లోపలికా అన్నది ముందే తేల్చుకుని, మిగతావి బయటి నుంచి చూడటానికి సిద్ధపడాలి. రెండూ చూపిస్తామని హామీ ఇచ్చేవారు మీ సమయం గురించి ఆలోచించడం లేదు.

మిగిలినవి త్వరగా చెబుతాను. వ్యాన్‌లో డ్రైవరు కాక ఎనిమిది మందికే చోటు, చంటిబిడ్డ కూడా ఆ లెక్కలోకే వస్తుంది, ఒళ్లో కూర్చోబెట్టుకుంటామంటే ఒప్పుకోరు. అద్దె సాధారణంగా మనుషుల సంఖ్యను బట్టి కాక వాహనాన్ని, గంటలను బట్టి ఉంటుంది. గంటలు ఎక్కడి నుంచి ఎక్కడి వరకు లెక్కిస్తారో, అదనపు గంటకు ఎంతో రాతపూర్వకంగా తీసుకోండి. టిప్పు తప్పనిసరి కాదు. ఫియుమిచీనో విమానాశ్రయంలో బయటికి రాగానే దగ్గరికి వచ్చి “కారు కావాలా” అని అడిగేవారి వెంట వెళ్లకండి, మీరు బుక్ చేసిన డ్రైవరు మీ పేరున్న పలక పట్టుకుని ఉంటాడు. సొంతంగా నడుపుకుంటే చవక కదా అనేవారికి: భారతీయ లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తప్పనిసరి, పాత నగరం అంచుల్లో అనుమతి లేని వాహనాలను పట్టే కెమెరాలు ఉంటాయి, జరిమానా నోటీసులు మీరు ఇల్లు చేరాక నెలలకు వస్తాయి. వాటికన్ మ్యూజియంలు ఆదివారాలు మూసి ఉంటాయి, నెలలో చివరి ఆదివారం తప్ప. బుధవారం ఉదయం పోప్ దర్శనం సెయింట్ పీటర్స్ ముందున్న చౌక్‌లో జరిగేటప్పుడు బసిలికాలోకి సందర్శకులను అనుమతించరు.

ఇంకొక అపోహ మాత్రం తొందరగా వదిలేయలేనిది. “అమ్మ నడవలేదు, కాబట్టి రోమ్ ఆవిడకు కాదు” అని పిల్లలు, “నా వల్ల మీ యాత్ర పాడవుతుంది, నేను హోటల్లోనే ఉంటాను” అని తల్లులు. ఈ మాట విన్న ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది. డ్రైవరుతో కూడిన కారు నిజంగా తన విలువ చూపించేది ఇలాంటి యాత్రికుల విషయంలోనే. కొలోసియంలో పై అంతస్తుకు లిఫ్టు ఉంది, అవసరమైనవారు సిబ్బందిని అడగాలి. ట్రెవీ దగ్గరి జనంలో ఆవిడను నడిపించడం మానేసి, నగరాన్ని కొండల మీది నుంచి చూపించండి.

మోకాలి ఆపరేషను అయిన గుంటూరు జిల్లా పెద్దావిడ ఒకరికి నేను ఏర్పాటు చేసిన దారి ఇది. ఉదయం అవెంటీన్ కొండ మీది నారింజ తోట. కారు దాని దగ్గరి వరకు వెళ్తుంది. ఆ పక్కనే మాల్టా వీరుల చౌక్‌లో ఒక తలుపు తాళపు రంధ్రంలోంచి చూస్తే, రెండు వైపులా కత్తిరించిన చెట్ల మధ్య సరిగ్గా సెయింట్ పీటర్స్ గుమ్మటం కనిపిస్తుంది. మధ్యాహ్నం పన్నెండుకు కొంచెం ముందు జానికులం కొండ. అక్కడ 1904లో మొదలైన ఆచారం ప్రకారం రోజూ పన్నెండింటికి ఫిరంగి పేలుస్తారు, పిట్టగోడ దగ్గర నిలబడితే నగరం గుమ్మటాలన్నీ కింద పరుచుకుని ఉంటాయి. గోడ మీద చేతులు ఆనించి ఆవిడ ఒక్కో గుమ్మటం వైపూ వేలు చూపిస్తూ అదేమిటి, ఇదేమిటి అని డ్రైవరును అడిగారు. ఆవిడ తెలుగులోనే అడిగారు, ఆయన ఇటాలియన్‌లోనే చెప్పాడు, కోడలు మధ్యలో తర్జుమా చేసింది. ఆ రోజంతా ఆవిడ నడిచింది చాలా తక్కువ.

ఇటువంటి దారిలో మధ్యాహ్నం తర్వాత ఆపియా రోడ్డును కూడా కలపవచ్చు. క్రీస్తుపూర్వం 312లో మొదలైన ఈ రహదారికి 2024లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా లభించింది, నగరం నడిబొడ్డు నుంచి కొంత దూరంలో ఉంది కాబట్టి కారు ఎంతో ఉపయోగపడుతుంది. అయితే ఆదివారాలు, సెలవు రోజుల్లో దానిలో కొంత భాగంలోకి వాహనాలను రానివ్వరు. దారి పక్కనున్న భూగర్భ సమాధుల్లోకి దిగడానికి చాలా మెట్లుంటాయి కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవారు పైనే ఉండటం మంచిది. దిగాలనుకునే పిల్లలు రోజును చూసుకోవాలి: సాన్ కలిస్టో సమాధులు బుధవారం, సాన్ సెబాస్టియానో సమాధులు ఆదివారం మూసి ఉంటాయి.