ప్రభుత్వ సంస్థ ప్రచురించిన తప్పును దిద్దించడం: అపోహలు - వాస్తవాలు

అమెరికా ఫెడరల్ సంస్థలు వెలువరించే నివేదికల్లో, పట్టికల్లో, వెబ్ పేజీల్లో తప్పు దొర్లితే దాన్ని సరిదిద్దమని కోరే అభ్యర్థనలు రాసిపెట్టడం నా వృత్తి. దీనికి ఆధారం ఇన్ఫర్మేషన్ క్వాలిటీ యాక్ట్, అంటే సమాచార నాణ్యతా చట్టం. పేరు ఘనంగా ఉన్నా, 2000 డిసెంబరులో గట్టెక్కిన ఒక భారీ వ్యయ బిల్లులో 515వ సెక్షన్‌గా చేరిన కొద్దిపాటి పంక్తులే ఈ చట్టం. వాటి ఆధారంగా వైట్‌హౌస్ పరిధిలోని ఆఫీస్ ఆఫ్ మేనేజ్‌మెంట్ అండ్ బడ్జెట్, అంటే ఓఎంబీ, 2002లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి సంస్థలు తమ తమ నియమాల ప్రకారం అభ్యర్థనలు తీసుకుంటున్నాయి. చట్టంలో ఉన్నది తక్కువ కాబట్టి కాబోలు, దాని గురించి ఊహించుకునేది ఎక్కువ.

అపోహ: ప్రభుత్వ ముద్ర ఉన్న ప్రతి కాగితాన్నీ దిద్దించవచ్చు.

కుదరదు. సంస్థ ప్రజల కోసం వెలువరించిన సమాచారానికే ఈ నియమాలు వర్తిస్తాయి. పత్రికా ప్రకటనలు, వ్యక్తులకు రాసిన ఉత్తరాలు, కార్యాలయాల మధ్య నడిచే పత్రాలు, పాత దస్తావేజుల భాండాగారాలు, సమాచార స్వేచ్ఛా చట్టం కింద ఇచ్చిన జవాబులు, న్యాయవిచారణ తరహా ప్రక్రియల్లోని పత్రాలు ఓఎంబీ మార్గదర్శకాల పరిధిలోకి రావు. సంస్థ పేజీలో లంకె మాత్రమే ఉండి, అసలు విషయం వేరొకరి సైట్‌లో ఉన్నా అంతే. అయితే పత్రికా ప్రకటనలోని అంకె ఏదో ఒక నివేదిక నుంచే వచ్చి ఉంటుంది. ఆ నివేదికను పట్టుకోండి.

అపోహ: నేను ఒప్పుకోని మాట ఏదైనా తప్పే.

వచ్చే అభ్యర్థనల్లో ఎక్కువ భాగం ఇక్కడే కూలిపోతాయి. విధానం మీద కోపాన్ని సమాచార దోషంగా మలిచి రాస్తే, అవతల చదివే అధికారికి మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. మార్గదర్శకాలు చూసేది మూడింటిని: సమాచారం ఉపయోగకరంగా ఉందా, నిష్పాక్షికంగా ఉందా, అనధికారికంగా ఎవరూ మార్చకుండా భద్రంగా ఉందా అని. వివాదాలన్నీ దాదాపుగా రెండోదాని చుట్టూనే తిరుగుతాయి. అందులోనూ రెండు పొరలున్నాయి. విషయం కచ్చితంగా ఉండాలి. దాన్ని చెప్పిన తీరు కూడా స్పష్టంగా, సంపూర్ణంగా, ఒక పక్షానికి ఒరగకుండా ఉండాలి. ఈ రెండో పొరను జనం పట్టించుకోరు. నా అనుభవంలో గెలిచే వాదనలు ఎక్కువగా అక్కడే దొరుకుతాయి.

ఊహకు ఒక పట్టిక తీసుకుందాం. లక్ష జనాభాకు ఇన్ని కేసులు అని ఒక సంస్థ ప్రకటించింది. కేసులు 2021వి. అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న గమనిక చదివితే, భాగించడానికి వాడిన జనాభా 2015 నాటిదని తెలుస్తుంది. మధ్యలో ఆ ప్రాంత జనాభా బాగా పెరిగింది. ఇప్పుడు “ఈ నివేదిక తప్పుల తడక, మా ప్రాంతానికి చెడ్డపేరు తెచ్చింది” అని నాలుగు పేజీలు రాస్తే పని జరగదు. రాయవలసింది ఇది: ఫలానా పేజీ, ఫలానా తేదీన చూసిన రూపం, ఫలానా పట్టికలో మూడో వరుస. అందులోని అంకె యథాతథంగా. 2015 జనాభా వాడినట్టు చెబుతున్న గమనిక. అదే ప్రభుత్వం ప్రచురించిన 2021 జనాభా అంచనా. దానితో లెక్కిస్తే వచ్చే రేటు, లెక్క చేసిన విధానం. చివరగా, పాత వాక్యం స్థానంలో పెట్టవలసిన కొత్త వాక్యం.

ఆ చివరి వాక్యాన్ని వదిలేయకండి. దిద్దుబాటు ఎందుకు అవసరమో, ఎలాంటి దిద్దుబాటు కావాలో చూపే భారం అడిగేవారిదే. “సరిచూడండి” అంటే అధికారికి కొత్త పని పెట్టినట్టు. పెట్టవలసిన వాక్యం మీరే ఇస్తే, ఔననడమో కాదనడమో తప్ప అతనికి వేరే దారి ఉండదు. ఆ తప్పు మిమ్మల్ని ఎలా తాకుతోందో కూడా ఒక పేరాలో చెప్పాలి. బాధిత వ్యక్తులు కోరవచ్చన్నదే చట్టంలోని మాట.

అపోహ: నిపుణుల సమీక్ష పొందిన అధ్యయనమైతే ఇక కదపలేం.

స్వతంత్ర నిపుణులు పద్ధతి ప్రకారం సమీక్షించిన సమాచారాన్ని నిష్పాక్షికమని ముందుగా భావిస్తారు. బలమైన ఆధారం చూపితే ఆ భావన నిలవదు. కానీ అధ్యయనంతో తలపడే ముందు సంస్థ పేజీని దాని పక్కన పెట్టి చదవండి. పరిశోధకులు “ఈ వయసు వారిలో, ఈ పరిమితులకు లోబడి” అని రాసి ఉంటారు. పేజీకి వచ్చేసరికి వయసూ పోతుంది, పరిమితీ పోతుంది. అప్పుడు శాస్త్రవేత్తలతో వాదన అక్కర్లేదు, సంస్థ రాసిన సారాంశంతోనే మన పని. ముఖ్యమైన విధాన నిర్ణయాలను ప్రభావితం చేసే సమాచారమైతే ప్రమాణం ఇంకా కఠినం: అవే దత్తాంశాలతో, అదే పద్ధతిలో బయటివారు లెక్కించినా దాదాపు అదే ఫలితం రావాలి.

అపోహ: ఇది కంపెనీల ఆయుధం, మామూలు జనానికి కాదు.

పరిశ్రమ సంఘాలు దీన్ని బాగా వాడుకున్న మాట నిజం. అయినా నాకు నచ్చిన ఉదాహరణ అటువైపుది కాదు. ఫ్లోరిడా ప్యాంథర్ అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జంతువు, పిల్లి కుటుంబానికి చెందినది. దాని ఆవాసం గురించి, వన్యప్రాణుల సంరక్షణ చూసే ఫెడరల్ సంస్థ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ వాడుతున్న సమాచారం సరైనది కాదని, ప్రభుత్వోద్యోగుల తరఫున పనిచేసే ఒక పర్యావరణ సంస్థ, అదే సర్వీసులోని జీవశాస్త్రవేత్తతో కలిసి 2004లో అభ్యర్థన పెట్టింది. ఆ జంతువు పగలు విశ్రాంతి తీసుకుంటుంది, తిరుగుడంతా ఎక్కువగా రాత్రివేళ. పగటిపూట నమోదైన జాడలనే రోజంతటి ఆవాసంగా లెక్కకట్టారన్నది ఆ ఫిర్యాదులో ఒక అంశం. పిల్లలను, ముసలివాటిని కూడా సంతానం కనే పెద్ద జంతువులుగా లెక్కించారన్నది ఇంకొకటి. 2005లో సర్వీసు తన సమాచారంలో లోపాలున్నాయని ఒప్పుకుంది. అడిగినవారు ప్యాంథర్ల మీద ప్రేమ గురించి కాక గడియారం గురించి మాట్లాడారు చూడండి, అదీ రాసే పద్ధతి.

దీనికి రుసుము లేదు, న్యాయవాది ఉండాలన్న నియమమూ లేదు.

అపోహ: కాదంటే కోర్టుకు లాగవచ్చు.

ఉప్పుకూ రక్తపోటుకూ ఉన్న సంబంధంపై జాతీయ ఆరోగ్య సంస్థలో భాగమైన ఒక విభాగం చేసిన ప్రకటనలను ఉప్పు పరిశ్రమ సంఘమైన సాల్ట్ ఇన్‌స్టిట్యూట్, వ్యాపార సంస్థల సంఘమైన యూఎస్ ఛాంబర్ ఆఫ్ కామర్స్ కోర్టులో సవాలు చేశాయి. నాలుగో సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీళ్ల కోర్టు 2006లో తేల్చి చెప్పింది: సమాచారం సరిగ్గా ఉండాలని కోరే చట్టబద్ధమైన హక్కును ఈ చట్టం బయటివారికి ఇవ్వలేదు. “దావా వేస్తాం” అని అభ్యర్థనలో బెదిరిస్తే మీకు ఈ విషయం తెలియదని అవతలివారికి తెలుస్తుంది, అంతే.

అలాగని బుట్టదాఖలు చేస్తారని కాదు. 2019లో ఓఎంబీ ఇచ్చిన ఆదేశం ప్రకారం, అడిగినవారి అంగీకారం లేకుండా జవాబుకు 120 రోజులు దాటకూడదు. లేవనెత్తిన అంశాలకు ఒక్కొక్కదానికీ సమాధానం ఉండాలి. తిరస్కరిస్తే పునఃపరిశీలన కోరవచ్చు. దాన్ని చూసేవారు మొదటి జవాబు తయారుచేసినవారు కాకూడదు. రెండోసారి పాత ఉత్తరాన్నే మళ్లీ పంపేవారున్నారు. అది వృథా శ్రమ. వారి జవాబులో ఏ అంశాన్ని దాటవేశారో, ఏ ఆధారాన్ని ప్రస్తావించకుండా వదిలేశారో పేరా వారీగా చూపండి.

అపోహ: ప్రభుత్వం దగ్గరున్న నా ఫైలులో నా వివరాలు తప్పుగా ఉన్నా ఇదే దారి.

కాదు. దానికి 1974 నాటి ప్రైవసీ యాక్ట్, అంటే వ్యక్తిగత గోప్యతా చట్టం ఉంది. పౌరులు, శాశ్వత నివాసులు తమ రికార్డును సవరించమని కోరవచ్చు. అందినట్టు 10 పని దినాల్లో తెలియజేయాలి. తిరస్కారం ఖాయమైతే మీ అసమ్మతిని రాతపూర్వకంగా ఆ రికార్డుకు జతచేయించవచ్చు. అక్కడ కోర్టు తలుపు కూడా తెరిచే ఉంటుంది.

అపోహ: ఏ తప్పుకైనా అధికారిక అభ్యర్థనే పెట్టాలి.

అచ్చుతప్పుకో, పనిచేయని లంకెకో, తారుమారైన తేదీకో 120 రోజుల ప్రక్రియ మొదలుపెట్టడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే. పేజీ అడుగున ఉన్న చిరునామాకు రెండు వాక్యాలు రాయండి, చాలావరకు పని అయిపోతుంది. ఇక కొత్త నిబంధన ముసాయిదాపై ప్రజాభిప్రాయం కోరుతున్న సమయమైతే, అందులోని సమాచారంపై అభ్యంతరాన్ని గడువులోగా ఆ అభిప్రాయాల్లోనే నమోదు చేయండి. విడిగా అభ్యర్థన పెట్టినా సాధారణంగా అక్కడికే పంపుతారు.

ఏ దారిలో వెళ్లినా, రాయడానికి ముందే పేజీని తేదీతో సహా దాచుకోండి, పీడీఎఫ్ అయితే ఆ ఫైలునే దింపుకోండి. మీ ఉత్తరం చేరాక పేజీ చడీచప్పుడు లేకుండా మారిపోయి, “మీరు చెప్పిన వాక్యం మా సైట్‌లో లేదు” అనే జవాబు రావచ్చు. మారితే మంచిదే. అయితే ఆ పాత వాక్యాన్ని ఎత్తి రాసుకున్న ఇతర నివేదికలు అలాగే ఉంటాయి, వాటిని దిద్దించడానికి మీరు దాచుకున్న పాత పేజీ నకలు కావాలి.