ఖొండలైటు ముక్క, మూడు ల్యాప్‌టాప్‌లు

పోయిన నెలలో జియాలజీ పీజీ పిల్లలు ముగ్గురు మా కంప్యూటర్ ల్యాబ్‌కి వచ్చారు. చేతిలో ఒక పెన్‌డ్రైవ్, మూడు ల్యాప్‌టాప్‌లు. సింహాచలం కొండ వైపు దొరికిన ఖొండలైటు (తూర్పు కనుమల్లో దొరికే, గార్నెట్ ఉండే రాయి) ముక్కకి మైక్రో సీటీ, అంటే చాలా సూక్ష్మంగా చూపే సీటీ స్కాన్ తీయించారు, ఆ ఫైళ్లే పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. రాయిని కోయకుండా లోపల గార్నెట్ అనే ఖనిజం గింజలు ఎలా పరుచుకున్నాయో చూడాలట. భీమిలి ఒడ్డున ఇసుకలో ఎర్రటి చారలు కనిపిస్తాయే, అందులో ఉండేదీ గార్నెటే. రాయి లోపల చూడాలంటే వాల్యూమ్ రెండరింగ్ సాఫ్ట్‌వేర్ కావాలి, అంటే స్కాన్ బొమ్మల్ని కలిపి లోపలిదాకా కనిపించే దిమ్మగా చూపేది. గైడ్ ఒక పేరు చెబితే డౌన్‌లోడ్ చేసుకున్నారు. మూడింట్లో ఒక్కదాంట్లోనూ పని చేయలేదు.

విండోస్‌లో నల్లటి విండో ఒకటి వచ్చి మూసుకుపోతోంది. ఉబుంటులో ‘జీలిబ్‌సీ 2.35 దొరకలేదు’ అని ఒకే ఒక్క లైను (జీలిబ్‌సీ అంటే లినక్స్‌లో దాదాపు ప్రోగ్రాములన్నీ ఆధారపడే మూల లైబ్రరీ, ఉబుంటు ఒక రకం లినక్స్). మ్యాక్‌లో ప్రోగ్రామ్ తెరుచుకుంది గానీ, షేడర్ (గ్రాఫిక్స్ కార్డు మీద నడిచే చిన్న ప్రోగ్రామ్) ఎర్రర్ అంటూ బొమ్మ గీయడం లేదు.

“మా సిస్టమ్స్‌లోనే ఏదో ఉన్నట్టుంది సార్, ఫార్మాట్ కొట్టేయమంటారా?” అని అడిగింది ఒకమ్మాయి.

ఫార్మాట్ కొడితే పోయే జబ్బు కాదిది. ఆ పిల్లలు పుట్టక ముందు నుంచీ ఉంది.

ముందు ఆ పెన్‌డ్రైవ్ సంగతి. సీటీ అంటే పూతరేకుల దొంతర అనుకోండి. ఒక్కో రేకు ఒక నలుపు తెలుపు బొమ్మ. ఇలాంటివి 1000, ఒక్కోదాంట్లో అడ్డంగా 1000, నిలువుగా 1000 చుక్కలు. పేర్చి చూస్తే 100 కోట్ల చుక్కల దిమ్మ. చుక్కకి 2 బైట్లు వేసుకున్నా సుమారు 2 జీబీ. సాఫ్ట్‌వేర్ చేసే పనేమిటంటే, తెర మీద ఒక్కో చుక్క నుంచి ఒక కిరణాన్ని ఆ దిమ్మలోకి పంపి, అడుగడుగునా ‘ఇక్కడ ఏ రంగు? ఎంత పారదర్శకం?’ అని అడిగి, వచ్చిన జవాబుల్ని కలుపుకుంటూ పోవడం. 10 లక్షల కిరణాలు, ఒక్కోటి 500 చోట్ల ఆగితే, బొమ్మ ఒక్కసారి గీయడానికే 50 కోట్ల సార్లు అడగాలి. మౌస్ కాస్త కదిపితే మళ్లీ మొదటికే. మామూలు ప్రాసెసర్ మీద ఇది నత్తనడకే. అందుకే ఈ రకం ప్రోగ్రాములు నేరుగా గ్రాఫిక్స్ కార్డు మీదికి వెళ్లి కూర్చుంటాయి. వర్డ్, ఎక్సెల్ లాంటివి కార్డు ఏదైనా పట్టించుకోవు. వీటికి మాత్రం కార్డు, దాని డ్రైవర్, ఆపరేటింగ్ సిస్టమ్, మూడింటి మధ్యా ఒప్పందం కుదరాలి.

మనిషికి మొదటి సీటీ స్కాన్ 1971 అక్టోబర్ 1న లండన్‌లోని ఆట్కిన్సన్ మోర్లీ ఆస్పత్రిలో తీశారు. రేకులు దొరికాయి గానీ, వాటిని కలిపి దిమ్మగా చక్కగా చూపించే పద్ధతులు కుదురుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. 1987లో జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసే లోరెన్సెన్, క్లైన్‌లు ‘మార్చింగ్ క్యూబ్స్’ పద్ధతి ప్రకటించారు. అది దిమ్మలోంచి పై తొడుగును మాత్రమే ఒలిచి చూపిస్తుంది. లోపలంతా పారదర్శకంగా చూపే అసలు వాల్యూమ్ రెండరింగ్ 1988లో వచ్చింది. ఆ ఏడాది మార్క్ లెవాయ్ పేపర్ ఒకటి, పిక్సార్ నుంచి డ్రెబిన్, కార్పెంటర్, హన్రహాన్‌ల పేపర్ ఒకటి అచ్చయ్యాయి. సినిమాల పిక్సారే. అప్పట్లో వాళ్లు 1,35,000 డాలర్లకి ఇమేజ్ కంప్యూటర్ అమ్ముకునేవాళ్లు. అంత ఖరీదైన పెట్టె కొన్నవాడికి ఇన్‌స్టాలేషన్ టెన్షన్ లేదు, సాఫ్ట్‌వేర్ ఆ పెట్టె కోసమే రాసేవారు.

గొడవంతా ఇది మామూలు పీసీల్లోకి దిగాక మొదలైంది. 1993లో వీటీకే అనే ఉచిత లైబ్రరీ వచ్చింది, అంటే ఇలాంటి బొమ్మలు గీసే ప్రోగ్రాములు వాడుకునే రెడీమేడ్ కోడ్. రాసినవాళ్లలో పైన చెప్పిన లోరెన్సెన్ ఒకరు. దాన్ని యూనిక్స్‌లో ఒక పద్ధతిలో బిల్డ్ చేయాలి (రాసిన కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చాలి), విండోస్‌లో ఇంకో పద్ధతి. పైగా మార్చింగ్ క్యూబ్స్ మీద పేటెంట్ 2005 దాకా ఉండటంతో, పేటెంట్ ఉన్న కోడ్‌ని విడిగా ఒక ఫోల్డర్‌లో పెట్టారు. లోరెన్సెన్ సొంత లెక్కల పద్ధతి ఆయన సొంత లైబ్రరీలోనే అంటరానిదై ఒక మూలకి చేరింది. అప్పట్లో బిల్డ్ చేసేవాళ్లు ఆ ఫోల్డర్ కావాలా వద్దా అని కూడా తేల్చుకోవాల్సి వచ్చేది.

మరోవైపు అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ ‘విజిబుల్ హ్యూమన్’ ప్రాజెక్టు చేపట్టింది. ఒక మగమనిషి శవాన్ని 1871 పొరలుగా కోసి, ఫొటోలు తీసి, 1994లో విడుదల చేసింది. మొత్తం 15 జీబీ. ఇలాంటి బొమ్మల్ని విడదీసి చూడటానికి ఐటీకే అనే లైబ్రరీకి డబ్బులిచ్చింది. విండోస్‌లోనూ యూనిక్స్‌లోనూ ఒకేలా బిల్డ్ కావాలన్నది అవసరం. దానికి తగిన పనిముట్టు లేకపోతే 2000 ప్రాంతంలో ఐటీకే రాసేవాళ్లే తయారు చేసుకున్నారు. అదే సీమేక్. ఇవాళ సీ ప్లస్ ప్లస్ రాసేవాళ్లలో సీమేక్ పేరు విననివాళ్లు అరుదు. మా పిల్లల్ని ఏడిపించిన ఈ సమస్యకే మందుగా, ఈ రంగంలోనే పుట్టిందని మాత్రం చాలామందికి తెలియదు.

సీమేక్ బిల్డ్ గొడవని చాలావరకు సర్దింది. కార్డు గొడవ దాని చేతిలో లేదు. కార్డుతో మాట్లాడే భాష ఓపెన్‌జీఎల్ 1992లో సిలికాన్ గ్రాఫిక్స్ నుంచి వచ్చింది. తర్వాత ఆటల పుణ్యమా అని కార్డులు బలిశాయి. 2003 నాటికి క్రూగర్, వెస్టర్‌మన్ కిరణాల లెక్కంతా మామూలు కార్డు మీదే నడిపి చూపించారు. ద్వారకానగర్‌లో పిల్లాడికి గేమింగ్ ల్యాప్‌టాప్ కొనిచ్చి తిట్టుకునే నాన్నలకి ఈ ముక్క ఎవరైనా చెప్పాలి.

అక్కడి నుంచి మూడు సిస్టమ్‌లూ మూడు దారులు పట్టాయి. విండోస్ తన సొంత ఓపెన్‌జీఎల్ ఫైల్‌ని 1.1 దగ్గరే ఆపేసింది, ఆపైన కావాల్సినవన్నీ కార్డు కంపెనీ డ్రైవర్‌ని అడిగి తెచ్చుకోవాలి. ఆపిల్ 4.1 దాకా వచ్చి ఆగి, సొంత భాష మెటల్ వైపు తిరిగింది. 2018 జూన్‌లో ఓపెన్‌జీఎల్‌కి ఇక కాలం చెల్లిందని ప్రకటించింది. లినక్స్‌లో భాషకి కొరత లేదు, కానీ కొత్త ఉబుంటు మీద బిల్డ్ చేసిన ప్రోగ్రామ్ చాలాసార్లు పాతదాంట్లో లేవదు.

ఇక ఆ మూడు ల్యాప్‌టాప్‌లు. విండోస్‌ది సులువు. దాంట్లో రెండు గ్రాఫిక్స్ కార్డులు, ప్రోగ్రామ్ చిన్నదాన్ని పట్టుకుంది. సెట్టింగ్స్‌లో పెద్ద కార్డు ఎంచి ఇస్తే లేచింది. ఉబుంటు 18.04, అందులో జీలిబ్‌సీ 2.27. సోర్స్ తెచ్చి అక్కడే బిల్డ్ చేయాలి. తీరా చూస్తే దాంతో వచ్చిన సీమేక్ 3.10, ఈ ప్రోగ్రామ్‌కి 3.16 కావాలి. అదీ వేసి, ప్రోగ్రామ్ ఆధారపడే వీటీకేని బిల్డ్ చేయడం మొదలుపెట్టాం. తొందరపడి ఒకేసారి ఎనిమిది ఫైళ్లు కంపైల్ చేయమన్నాను. 8 జీబీ ర్యామ్ నిండి మౌస్ కూడా కదలకుండా పోయింది. నా తప్పే. రెండుకి తగ్గించి, రాత్రంతా ల్యాబ్‌లో వదిలేస్తే తెల్లారేసరికి అయింది. మ్యాక్‌కి మాత్రం దారి లేదు. ప్రోగ్రామ్ ఓపెన్‌జీఎల్ 4.3 అడుగుతోంది, అక్కడున్నది 4.1. అదే ప్రోగ్రామ్ పాత వెర్షన్ వెతికి పెట్టిచ్చాను.

మర్నాడు ఉబుంటులోనే రాయి తెరిచాం. మొదట ఒట్టి బూడిదరంగు దిమ్మ. కింద ఉన్న గ్రాఫ్‌లో ఒక చుక్క పట్టుకుని కుడివైపు లాగుతూ పోతే, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ మెల్లగా కరిగిపోయి, బరువైన గార్నెట్ గింజలు మిగిలాయి. వాటికి ఎర్ర రంగు ఇచ్చింది ఆ అమ్మాయి. దిమ్మని పక్కకి తిప్పి కాసేపు చూసి, “సార్, ఇవి వరసల్లో ఉన్నాయి” అంది.