ఆల్ప్స్‌లో గ్రావెల్ సైక్లింగ్: గేటు వేసిన దారిలో బండి రాదా? (అపోహలు - వాస్తవాలు)

ఆస్ట్రియాలోని టిరోల్ రాష్ట్రంలో, ఇన్స్‌బ్రుక్ చుట్టుపక్కల కొండదారుల్లో గ్రావెల్ సైకిళ్ల మీద (కంకర దారుల్లో తొక్కడానికి చేసిన సైకిళ్లు) జనాన్ని తిప్పడం నా పని. మ్యూనిక్ నుంచి రైలెక్కి వచ్చే తెలుగువాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, మాస్టర్స్ చదివే పిల్లలు, వేసవికి కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వచ్చిన తల్లిదండ్రులు కూడా. బయలుదేరే ముందు చాలామంది నోట ఒకే మాట వింటాను: "ఇక్కడ కార్లు, లారీలు రావు కదా, ఇంక టెన్షన్ ఏముంది?" విన్న ప్రతిసారీ నాకు కోపం వస్తుంది. అడిగినవాళ్ల మీద కాదు, తెలిసీ తెలియకుండా ఈ మాటను వీడియోల్లో, వాట్సాప్ గ్రూపుల్లో తిప్పుతున్నవాళ్ల మీద.

అపోహ: గేటు వేసిన దారిలో బండ్లు రావు

గేటు ఆపేది బయటివాళ్ల కార్లను మాత్రమే. తాళంచెవి ఉన్నవాళ్లు రోజూ వస్తూపోతూ ఉంటారు. టిరోల్‌లో మనం తొక్కే కంకర దారుల్లో చాలావరకు సైకిళ్ల కోసం వేసినవి కావు. అడవిలోంచి కలప దించడానికి, కొండమీది పచ్చిక బయళ్లకు ట్రాక్టరు వెళ్లడానికి ఇక్కడివాళ్లు వేసుకున్నవి. ట్రైలర్ తగిలించిన దుంగల లారీ, రైతు ట్రాక్టరు, హట్‌లకు (కొండ మీద తిండి, బస దొరికే ఇళ్లు) సరుకులు చేరవేసే వ్యాను, వేటగాళ్ల జీపు, ఇవన్నీ ఆ గేటు లోపలే తిరుగుతాయి. మ్యూనిక్ వాళ్లకు ఇష్టమైన షార్నిట్స్ సంగతే చూడండి. 964 మీటర్ల ఎత్తులో ఉన్న ఆ ఊరి నుంచి 1,771 మీటర్ల మీదున్న కార్వెండెల్‌హౌస్ అనే హట్ దాకా కంకర దారి ఉంది. పైన మీరు తాగే కాఫీ, తినే సూప్ అక్కడికి ఏ దారిన వచ్చాయో ఒక్కసారి ఆలోచించండి.

పైగా ఈ ప్రాంతంలో కలప లారీలు పెరగడానికి కారణం ఉంది. 2018 అక్టోబరు చివర్లో వాయా తుపాను ఇటలీ వైపు ఆల్ప్స్‌ను, పక్కనే ఉన్న ఈస్ట్ టిరోల్, కారింథియా అడవులను దెబ్బతీసింది. ఒక్క ఇటలీలోనే 80 లక్షల ఘనపు మీటర్లకు పైగా కలప నేలకూలింది. పడిపోయిన స్ప్రూస్ చెట్లలో బెరడు పురుగు పెరిగి, నిలబడ్డ చెట్లకూ పాకింది. పురుగు పట్టిన చెట్టును వెంటనే నరికి బయటికి తరలించకపోతే పక్క చెట్లు కూడా పోతాయి. ఈ పురుగు విజృంభించేది వేసవిలోనే. అంటే మనం సెలవు పెట్టుకుని వచ్చే నెలల్లోనే అడవిలో పని జోరుగా నడుస్తుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. దిగుడులో గంటకు 40 కిలోమీటర్ల వేగం చాలా సులువుగా వచ్చేస్తుంది, తొక్కాల్సిన పని కూడా లేదు. ఆ వేగంలో సెకనుకు 11 మీటర్లు పోతాం. కళ్లు చూసి, చేతులు బ్రేకు పట్టేలోపే ఒక సెకను గడిచిపోతుంది. వదులు కంకర మీద జారకుండా ఆగాలంటే ఇంకో 17, 18 మీటర్లు కావాలి. మొత్తం దాదాపు 28 మీటర్లు. అదే 20 కిలోమీటర్ల వేగమైతే 10 మీటర్లలో ఆగిపోతాం. వేగం సగానికి తగ్గిస్తే ఆగే దూరం మూడో వంతుకు పడిపోతుంది. చెట్ల మధ్య మలుపులో మనకు ముందు కనిపించేది చాలాచోట్ల 20 మీటర్లు కూడా ఉండదు. అందులో సగం ఎదుటి బండికి కావాలి, వాడూ ఆగాలి కదా. ఇరుకు రోడ్డు మీద కనిపించే దూరంలో సగంలోనే ఆగగలిగేంత వేగం ఉండాలని జర్మనీలో డ్రైవింగ్ లైసెన్సు తీసుకున్నవాళ్లందరూ చదివే ఉంటారు. కారు నడిపేటప్పుడు గుర్తుండే ఆ నియమం సైకిలెక్కగానే ఎందుకు మర్చిపోతారో నాకు అర్థం కాదు.

వరంగల్ కుర్రాడు ఒకడు, మంచి ఫిట్‌నెస్ ఉన్నవాడు, ఒక మంగళవారం ఒంటరిగా వెళ్లాడు. మలుపు తిరిగేసరికి ఎదురుగా దుంగల లారీ. డ్రైవరు ఇతన్ని చూసి ముందే ఆపేశాడు కూడా. కానీ మనవాడు మలుపులో ముందు బ్రేకు గట్టిగా నొక్కాడు, కంకర మీద ముందు చక్రం జారింది, లారీకి రెండు గజాల దూరంలో పడ్డాడు. భుజం దగ్గర ఎముక విరిగింది. ఆసుపత్రిలో చూడ్డానికి వెళ్తే, "గేటు వేసి ఉంది కదన్నా, అసలు లారీ ఎలా వచ్చింది?" అని అడిగాడు. వాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్లు "జీరో ట్రాఫిక్" అని వీడియో పెట్టి లైకులు లెక్కపెట్టుకుంటున్నారు.

నాతో వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇది. రెండు చెవుల్లోంచీ ఇయర్‌ఫోన్స్ తీసేయండి. లారీ కనిపించేలోపే ఇంజిన్ మోత వినిపిస్తుంది. మలుపు రాకముందే వేగం తగ్గించుకోండి, మలుపులో బ్రేకు పట్టకండి. కబుర్లు చెప్పుకుంటూ పక్కపక్కన తొక్కడం చదును చోట్ల పెట్టుకోండి, దిగుడులో ఒకరి వెనక ఒకరే. లారీ వస్తుంటే దిగి, దారి వెడల్పుగా ఉన్నచోట నిలబడండి. మలుపు లోపలి అంచున మాత్రం ఎప్పుడూ నిలబడొద్దు, ఎందుకంటే ట్రైలర్ వెనక చక్రాలు లోపలి వైపు కోసుకుంటూ వస్తాయి. ఆదివారం అడవి పనికి సెలవున్నా పాలు పితకడానికి సెలవు ఉండదు, ట్రాక్టరు వస్తుంది. "ఫోర్స్ట్‌లిషెస్ ష్పెర్‌గెబీట్" (అటవీ పని కోసం మూసిన ప్రాంతం) అని బోర్డు ఉంటే ముందు చెట్లు కొడుతున్నారని అర్థం. అది నడిచి వెళ్లేవాళ్లకు కూడా వర్తిస్తుంది. రంపం చప్పుడు వినపడకపోయినా వెనక్కి తిరగాల్సిందే.

ఇదంతా చదివి ఇంకా భయపడేవాళ్లుంటారు. వాళ్లకు నా మాట వేరు. కిందటి వేసవిలో గుంటూరు నుంచి వచ్చిన ఒక అమ్మను కొడుకు పట్టుబట్టి తీసుకొచ్చాడు. ఎక్కడం చక్కగా ఎక్కింది. దిగేటప్పుడు నన్ను పక్కకు పిలిచి, "చేతులు వణుకుతున్నాయి బాబూ, నడిచి దిగితే ఎవరైనా ఏమైనా అనుకుంటారా?" అంది. ఎవరూ ఏమీ అనుకోరమ్మా అని నేనూ దిగి ఆవిడతో పాటు నడిచాను. నిటారు దిగుడులో సైకిలు దిగి నడిపించుకు వెళ్లడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆవిడ చేతుల వణుకు ఆవిడకు సరైన సంగతే చెప్పింది.

అలాంటివాళ్లకు నేను చూపించే దారి ఇటలీ వైపున్న టోబ్లాక్ నుంచి కోర్టినా. అది పాత రైలు మార్గం. 1921లో మొదలైన ఆ రైలు 1964లో ఆగిపోయింది, పట్టాలు తీసేసి సైకిళ్లకు ఇచ్చారు. దాదాపు 30 కిలోమీటర్లు. రైలు ఎక్కగలిగిన వాలు కాబట్టి ఎక్కడా ప్రాణం తీయదు. టోబ్లాక్ నుంచి 1,530 మీటర్ల చిమబాంకే కనుమ దాకా ఎక్కేది 300 మీటర్ల లోపే. మధ్యలో లాండ్రో దగ్గర ఆగితే మూడు శిఖరాల త్రే చిమే కనిపిస్తుంది. చలికాలంలో మాత్రం అదే దారి స్కీయింగ్ ట్రాక్ అవుతుంది, అప్పుడు సైకిలుతో రాకండి.

అపోహ: యాప్‌లో రూటు ఉంటే తొక్కొచ్చు

ఆస్ట్రియాలో ఇది తప్పు. 1975 అటవీ చట్టం 33వ సెక్షన్ ప్రకారం అడవిలో నడవడానికి అందరికీ హక్కుంది. సైకిలు తొక్కాలంటే మాత్రం యజమాని అనుమతి కావాలి, అటవీ రోడ్డయితే దాన్ని నిర్వహించేవాళ్ల అనుమతి కావాలి. టిరోల్‌లో ఒప్పందాలు చేసుకుని సైకిళ్లకు తెరిచిన దారులకు బోర్డులు ఉంటాయి. యాప్‌లో గీత కనిపించేది ఎవరో ఒకసారి అటు వెళ్లారు కాబట్టి, అంతే. యజమాని దావా వేస్తే ఖర్చు మీదే.

అపోహ: ఆవులే కదా, మన ఊళ్లో చూడలేదా?

ఇక్కడి పచ్చిక బయళ్లలో దూడలతో తిరిగే తల్లి ఆవులు మన వీధి ఆవుల్లా ఉండవు. 2014లో స్టుబాయ్ దగ్గర పిన్నిస్‌టాల్ లోయలో కుక్కతో నడుస్తున్న ఒక మహిళను ఆవులు తొక్కి చంపాయి. కేసు ఆస్ట్రియా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2020లో రైతుకు సగం, ఆమెకు సగం బాధ్యత ఉందని తేల్చారు. మంద ఎదురైతే దిగి నడవండి, తల్లికీ దూడకీ మధ్యకు వెళ్లకండి, మీరు తీసిన కంచె గేటు మీరే వేయండి. దారికి అడ్డంగా వేసిన ఇనప కమ్మీలను నేరుగా దాటండి. వానలో వాటి మీద హ్యాండిల్ తిప్పితే పడతారు.

అపోహ: టైర్లలో గాలి ఎంత గట్టిగా కొడితే అంత మంచిది

కంకర మీద కాదు. టైరు గట్టిగా ఉంటే రాళ్ల మీద ఎగురుతుంది, పట్టు పోతుంది. 40 మిల్లీమీటర్లకు తగ్గని టైరు, కాస్త తక్కువ గాలి. ఇంతే.

అపోహ: ఏమైనా అయితే ఇన్సూరెన్స్ చూసుకుంటుంది

మామూలు ఆరోగ్య బీమా కొండ మీంచి హెలికాప్టర్‌లో దించిన ఖర్చు చాలాసార్లు ఇవ్వదు, ఆ బిల్లు వేల యూరోల్లో ఉంటుంది. ఆస్ట్రియన్ ఆల్పైన్ క్లబ్ సభ్యత్వంతో రెస్క్యూ ఖర్చులకు 25,000 యూరోల దాకా కవరేజి వస్తుంది. ఇక్కడికి తరచుగా వచ్చేవాళ్లు అది తీసుకోండి. సభ్యత్వ కార్డు ఫొటో ఫోన్‌లో పెట్టుకోండి. ఆస్ట్రియాలో కొండ మీద ప్రమాదమైతే 140కి, ఇటలీ వైపయినా జర్మనీ వైపయినా 112కి ఫోన్ చేయండి.