గడియ వేసుకుని చదివే పుస్తకాలు

ఒక పాఠకురాలు ఇలా అడిగారు: “సీరియల్ కిల్లర్ల మీద పుస్తకం దొరికితే వదలను. రాత్రి పది పేజీలు చదివేసరికి భయమేసి, లేచి వెళ్లి తలుపు గడియ చూసుకుంటాను. మళ్లీ వచ్చి పదకొండో పేజీ తీస్తాను. నాలో ఏమైనా తేడా ఉందంటారా?”

ఆ తేడా జింకలకీ ఉందండీ.

సీరియల్ కిల్లర్ అంటే ఎవరు, రెండు హత్యలు చేసినవాడా మూడు చేసినవాడా అన్న నిర్వచనాల తగువు పోలీసులకి వదిలేద్దాం. నాకు ఆ జింకల సంగతే ఎక్కువ ఇష్టం. ఆఫ్రికాలో సెరెంగెటి మైదానాల్లో థామ్సన్ గజెల్ అని ఒక చిన్న జింక ఉంటుంది. చీతా కంటపడగానే అది పరుగు లంకించుకోవాలి కదా! చాలాసార్లు ఆ పని చెయ్యదు. మెడ నిక్కించి చూస్తుంది. చూసి, చీతా వైపే నాలుగడుగులు వేస్తుంది. చీతా కదిలితే ఆగుతుంది, కదలకపోతే ఇంకో నాలుగడుగులు. క్లేర్ ఫిట్జ్‌గిబ్బన్ అనే శాస్త్రవేత్త ఈ తంతునంతా ఓపిగ్గా గమనించి 1994లో ప్రచురించారు. మంద పెద్దదైతే ఈ ధైర్యం ఎక్కువట. ఇలా అందరి కళ్లూ తన మీదే ఉన్నప్పుడు చీతా కూడా విసుగెత్తి వేరే చోటికి పోతుంది. ఈ ప్రవర్తనకి వేటగాడి తనిఖీ అని పేరు పెట్టుకోవచ్చు.

ఇందులో జింకకి లాభమేంటి? కాస్త లెక్క వేద్దాం, అంకెలు నేను అనుకున్నవే. ఒక పరుగుకి ఒంట్లో శక్తీ, మేత మేసే సమయమూ కలిపి 1 రూకంత ఖర్చు అనుకోండి. చావు నష్టం 1000. ఎదురుగా ఉన్న చీతా వేటాడి చంపే అవకాశం 500లో ఒకటి. అంటే కదలకుండా నిలబడితే సగటున 2 నష్టం, పరిగెత్తితే 1. కాబట్టి పరుగే మేలు, 500 సార్లలో 499 సార్లు అది వృథా పరుగే అయినా సరే. భయం అనేది ఎందుకు ఇంత అతిగా పనిచేస్తుందో ఈ ఒక్క లెక్కతో తెలిసిపోతుంది. పొగ అలారం వంట చేసినప్పుడల్లా మోగినా మనం పీకి పారెయ్యనిది ఇందుకే. రాండాల్ఫ్ నెస్సీ అనే వైద్యుడు ఈ సూత్రానికి ఆ అలారం పేరే పెట్టారు.

అసలు తమాషా తర్వాత ఉంది. చూసిన ప్రతిసారీ పరిగెత్తితే 100 సార్లకి 100 ఖర్చు. దగ్గరికెళ్లి చూడ్డానికి తడవకి పదో వంతే ఖర్చనుకోండి, మొత్తం 10. చూశాక తెలుస్తుంది: ఇది కడుపు నిండి పడుకున్న చీతా, అది నిజంగా పొంచి ఉన్న చీతా. పరిగెత్తాల్సింది ఏ అయిదుసార్లో. అంతా కలిపి 15. నూరెక్కడ, పదిహేనెక్కడ! ఈ లెక్కలో చూడ్డం వల్ల ప్రమాదమేమీ తగ్గలేదు. ఏది ప్రమాదమో తేలిందంతే.

అయితే చూడ్డానికి వెళ్లడమూ ప్రమాదమే. 1992లో లీ డుగాట్కిన్ అనే శాస్త్రవేత్త గప్పీలనే చిన్న చేపల్ని పిరికివి, మామూలువి, మొండివి అని మూడు జట్లు చేసి, వాటిని తినే పెద్ద చేప ఉన్న తొట్టెలో వదిలారు. 60 గంటల తర్వాత చూస్తే పిరికివాటిలో 40 శాతం, మామూలువాటిలో 15 శాతం మిగిలాయి. వేటచేప ముక్కు దాకా వెళ్లి చూసొచ్చే మొండివి ఒక్కటీ లేదు.

పుస్తకం చేసే మేలు ఇక్కడే. తొట్టె మధ్యలో అద్దం పెట్టినట్టు, వేటచేప పళ్లు లెక్కపెట్టొచ్చు, అది మాత్రం మన దాకా రాలేదు.

2010లో అమాండా వికరీ, క్రిస్ ఫ్రేలీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇలాంటి పుస్తకాలు ఎవరు చదువుతారో చూశారు. యుద్ధం, ముఠా కొట్లాటల పుస్తకాలతో పోటీ పెట్టి చూస్తే, ట్రూ క్రైమ్ వైపు, అంటే నిజంగా జరిగిన నేరాల పుస్తకాల వైపు, మొగ్గింది ఆడవాళ్లే. బాధితురాలు ఏదో ఉపాయంతో తప్పించుకుందన్న మాట పుస్తక పరిచయంలో ఉంటే వాళ్ల మొగ్గు ఇంకా పెరిగింది. హంతకుడి మనసుని విశ్లేషించే పుస్తకమన్నా అంతే. నెత్తురు కోసం చదివేవాళ్లయితే ఉపాయంతో పనేంటి? వాళ్లు చీతా అడుగులు గమనిస్తున్నారు.

ఇక్కడో మెలిక ఉంది. ప్రపంచంలో హత్యకి గురయ్యేవాళ్లలో పదింట ఎనిమిది మంది మగవాళ్లు. ఆ లెక్కన మగవాళ్లే ఎగబడి చదవాలి. నేరమంటే భయం మాత్రం ఆడవాళ్లకే ఎక్కువ. పుస్తకం చేతికి తెచ్చేది ఆ భయమే, అసలు ప్రమాదం కాదు.

హంతకుణ్ణి ముందే గుర్తుపట్టాలన్న ఈ తాపత్రయం ఒకసారి సైన్సునే గోతిలో దించింది. 1876లో లొంబ్రోసో అనే ఇటలీ వైద్యుడు పుట్టు నేరస్థుల్ని దవడా చెవులూ చూసి పట్టెయ్యొచ్చన్నాడు. 1913లో చార్లెస్ గోరింగ్ అనే ఇంగ్లండ్ జైలు వైద్యుడు మూడు వేలమంది ఖైదీల కొలతలు పరీక్షించి, అలాంటి ప్రత్యేక జాతేదీ లేదని తేల్చాడు. అయినా “మొహంలోనే తెలుస్తోంది” అనేవాళ్లు తగ్గలేదు. ఫొటో కింద హంతకుడని రాసి ఉన్నాక ఎవరి మొహమైనా అలాగే కనిపిస్తుంది మరి!

నా ఫిర్యాదు ఒక్కటే. జింక చూసొచ్చేది ఇవాళ ఎదురుగా ఉన్న చీతాని. పుస్తకం చూపించేది ఎప్పుడో పట్టుబడినదాన్ని, అదీ ఎప్పుడో అరుదుగా పుట్టేదాన్ని. ఏ ఏడాది తీసుకున్నా మొత్తం హత్యల్లో సీరియల్ హత్యలు ఒక శాతం కూడా ఉండవని ఎఫ్‌బీఐ నివేదికే చెప్పింది. ఐక్యరాజ్యసమితి లెక్కల ప్రకారం 2022లో భర్తో, ప్రియుడో, ఇంట్లోవాళ్లో చంపిన ఆడవాళ్లూ ఆడపిల్లలూ దాదాపు 48,800 మంది. ఆ ఏడాది హత్యకి గురైన ఆడవాళ్లలో ఇది 55 శాతం. ఇలాంటి హంతకుడికి వార్తల్లో ముద్దుపేరు పెట్టరు, మూడు వందల పేజీల పుస్తకమూ రాదు. మన మెదడేమో తేలిగ్గా గుర్తొచ్చేదే తరచూ జరుగుతుందనుకుంటుంది.

కాబట్టి అమ్మా, చదవడం మానక్కర్లేదు. ఎలా తప్పించుకుందో రాసిన పేజీలు కావాలంటే రెండుసార్లు చదవండి. గడియ ఒక్కసారి చూసుకుంటే చాలు.