సర్వేలో నిజం చెబితే కార్డు పోతుందా?

మొన్న ఆదివారం మా పెద్దమ్మ కోడలు ఫోన్ చేసింది. "వదినా, సర్వేవాళ్లు వచ్చి మా వాడలో ఇండ్లన్నీ రాసుకొని పోయిండ్రు. రేపు మా ఇంటికొస్తరట. ఏం చెప్పమంటవ్?"

పద్నాలుగేళ్లుగా ఉత్తర తెలంగాణ ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి షెడ్యూళ్లు, అంటే సర్వే ఫారాలు నింపుతున్నాను. మొదట ఇన్వెస్టిగేటర్‌ని, ఇప్పుడు సూపర్‌వైజర్‌ని. ఇన్నేళ్లలో నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే: ఏం చెప్పాలి? ఉన్నది ఉన్నట్టు చెప్పొచ్చన్న ఆలోచన చాలామందికి రానే రాదు. వాళ్ల మీద నాకు కోపం లేదు. కోపమంతా ఈ భయాన్ని ఫోన్లలో పంచిపెట్టేవాళ్ల మీదే.

అపోహ: నిజం చెబితే రేషన్ కార్డు, పింఛను కోసేస్తారు

అందరికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే కాబట్టి దీని గురించే ఎక్కువ రాస్తాను.

భయం ఊరికే పుట్టలేదని ఒప్పుకుంటాను. 2014 ఆగస్టు 19న తెలంగాణలో సమగ్ర కుటుంబ సర్వే ఒక్కరోజులో జరిగింది. ఆ రోజు ఇంట్లో కనపడకపోతే లెక్కలోనే ఉండమని బతుకుదెరువుకు పోయినవాళ్లంతా కిక్కిరిసిన బస్సుల్లో ఊళ్లకు వచ్చారు. 2024 నవంబరులో మళ్లీ ఇంటింటి కుటుంబ సర్వే వచ్చింది. 75 ప్రశ్నలు, అందులో కులం, భూమి, అప్పులు అన్నీ. మళ్లీ అదే గుబులు.

అయితే ఇంటికి వచ్చే లెక్కలన్నీ ఒకటి కాదు. ప్రతి ఇంటికీ వచ్చి పేరుపేరునా రాసుకునేవి ఒక రకం. అందులోనూ పథకానికి అర్హులా కాదా అని చూసే పరిశీలన వేరు. అక్కడ మీరు చెప్పింది మీ పేరు మీదే ఉంటుంది, కాదనను. ఏ పని కోసం రాస్తున్నారో వచ్చినవాళ్లను నిలబెట్టి అడగండి, తప్పు లేదు. రెండో రకం శాంపిల్ సర్వే. 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వే, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఇలాంటివే. ఊళ్లో కొన్ని ఇళ్లకే వస్తారు. బ్యాంకు ఖాతా ఉందా అని అడగొచ్చు గానీ నంబరు అడగరు. జాతీయ నమూనా సర్వేలో 2008 నాటి గణాంకాల సేకరణ చట్టం ప్రకారం మీరు చెప్పింది గణాంకాలకు తప్ప ఇంకో పనికి వాడకూడదు, ఫలానా వాళ్లు చెప్పారని తెలిసేలా బయట పెట్టకూడదు. జనగణనకైతే 1948 చట్టం ఉంది. అందులో 15వ సెక్షన్ కింద మీ ఇంటి వివరాలు ఎవరూ తీసి చూడటానికి వీల్లేదు. 2027 జనగణనలో ఎన్యూమరేటర్ మీ గుమ్మంలో నిలబడ్డప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి.

ఇప్పుడు ఒక ఇంటి సంగతి చెబుతాను. సమయ వినియోగ సర్వే పని. ఈ సర్వేలో నిన్న తెల్లవారుజామున నాలుగింటి నుంచి ఇవాళ నాలుగింటి దాకా ప్రతి అరగంటా ఏం చేశారో అడిగి రాస్తాం. బీడీల ఊరు. నేను అరుగు మీద కూర్చుని టాబ్ తీశానో లేదో, అత్తగారు వచ్చి, "బిడ్డా, గా బర్రె మాది గాదు, పక్కింటోళ్లది" అంది. బర్రె గురించి నేను అడగనే లేదు. అసలు నా ఫారంలో బర్రెకు గడే లేదు. కోడలు ఏం పని చేస్తుందమ్మా అంటే, "ఏం పని? ఇంట్లనే ఉంటది" అంది. కోడలు కూడా తల ఊపింది.

సరే, నాలుగింటి నుంచి మొదలుపెట్టాం. నాలుగు నుంచి నాలుగున్నర, నిద్ర. నాలుగున్నరకు లేచి వాకిలి ఊడ్చి సాన్పు చల్లింది. అయిదింటికి? "పాలు పిండిన..." అని ఆగిపోయింది. అత్త వైపు చూసింది, అత్త నా వైపు చూసింది. ఆ పెద్దావిడ ముఖంలో అప్పుడు కనపడింది దొరికిపోయిన సిగ్గు కాదు, కార్డు పోయినంత భయం. "అమ్మా, బర్రె ఎవరిదో నాకు అక్కర్లేదు. ఈమె అరగంట ఎటు పోయిందో అదొక్కటే కావాలి" అని ఆమె చెయ్యి పట్టుకుని చెప్పాను. టాబ్ తిప్పి చూపించాను కూడా.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా ఏం చేశావమ్మా అంటే, టీవీ చూసిన అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ఒళ్లో చాట ఉంది. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి పక్కన పడేస్తోంది. నాతో మాట్లాడినంతసేపూ చేతులు ఆగలేదు. నిన్న టీవీ చూస్తూ కూడా ఇదే చేశావా అంటే, "ఇది పనేంది మేడం, కూసునేదే గదా" అంది. రాత్రి పది దాటాక కూడా ఒక గంట చుట్టిందట.

బీడీ కార్మికులకు పింఛను ఇచ్చే రాష్ట్రం మనది. అలాంటి చోట ఒక బీడీ కార్మికురాలు తనకు తానే "పని లేదు" అని రాయించుకోబోయింది. నష్టం అంటే ఇదే. బర్రెను దాచినందుకు ఆ ఇంటికి మిగిలేది ఏమీ లేదు, ఆ అబద్ధంతో పాటు కోడలి రోజంతా లెక్కలోంచి జారిపోయేది. 2024 సమయ వినియోగ సర్వేలో జీతం లేని ఇంటి పనికి ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారని, మగవాళ్లు 88 నిమిషాలని తేలింది. ఆ పని చేసినవాళ్ల వరకే తీసిన సగటు అది. 2019లో మగవాళ్లది 97 ఉండేది, ఇంకా తగ్గింది. ఈ అంకెలు పేపర్లో చూసినప్పుడల్లా నాకు ఆ అరుగు, ఆ అరగంటలు గుర్తొస్తాయి. ఎవరో ఆఫీసులో కూర్చుని రాసినవి కావు. అలాంటి కోడళ్లు ఒక్కొక్కరూ నోరు విప్పితే వచ్చినవి.

అపోహ: రక్తం తీసుకెళ్లి అమ్ముకుంటారు

వేలి కొనమీద సూది, కొన్ని చుక్కలు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో రక్తహీనత చూడటానికి తీసింది అంతే, అంకె అక్కడికక్కడే చెప్పేవాళ్లు. చుక్కలు అమ్మితే కొనేవాళ్లెవరు? ఒక ఊళ్లో ఈ పుకారు మాకంటే ముందే చేరింది. వరసగా మూడిళ్లు తలుపు వేసుకున్నాయి. నాలుగో ఇంట్లో ఒక అమ్మాయి ధైర్యం చేసి చెయ్యి చాపింది, హిమోగ్లోబిన్ 6.8 వచ్చింది. ఏడుకు తక్కువంటే తీవ్రమైన రక్తహీనత. అప్పటిదాకా తన ఆయాసానికి కారణం ఎండ అనుకుందట. చీటీ రాసిచ్చి పీహెచ్‌సీకి పంపాం. ఆ మూడిళ్లలో ఎవరి అంకె ఎంతో ఇప్పటికీ నాకు తెలియదు, వాళ్లకూ తెలియదు. 2019-21 సర్వేలో తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం ఆడవాళ్లకు రక్తహీనత ఉందని తేలింది. ఆ లెక్కన వేసుకున్న ఆ తలుపుల వెనక ఎవరుండి ఉంటారో ఊహించడం కష్టం కాదు.

అపోహ: నన్నెవరూ అడగలేదు, కాబట్టి సర్వేలన్నీ అబద్ధం

అన్నం ఉడికిందో లేదో చూడటానికి గిన్నె అంతా తిననక్కర్లేదు. కాకపోతే మెతుకు ఎక్కడినుంచి తీశారన్నదే అసలు విషయం. 1936 అమెరికా ఎన్నికల్లో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక కోటి మందికి కార్డులు పంపి, 20 లక్షలకు పైగా జవాబులు అందుకుని కూడా గెలిచేవాణ్ణి తప్పు చెప్పింది. కారణం, ఫోను, కారు ఉన్నవాళ్ల చిరునామాలకే ఎక్కువగా పంపింది, అందులోనూ తిరిగి రాయాలనిపించినవాళ్లవే లెక్కపెట్టింది. వాట్సాప్‌లో తిరిగే పోల్ కూడా అంతే. మేమైతే ఊరంతా ఇళ్లు రాసుకుని, చీటీ తీసినట్టు కొన్ని ఎంచుతాం. ఆ ఇల్లు తాళం వేసి ఉంటే మళ్లీ మళ్లీ వెళ్తాం తప్ప పక్కింట్లో కూర్చుని నింపుకోం. అలా నింపిన కుర్రాణ్ణి ఒకసారి పనిలోంచి పంపించాల్సి వచ్చింది.

ఎగ్జిట్ పోల్ గురించి అడిగేవాళ్లకు ఒక్క మాట. 2004లో తప్పాయి, 2024లోనూ చాలావరకు తప్పాయి. ఓట్ల శాతం నుంచి సీట్లు లెక్కగట్టడం ఇంకో విద్య, నా పని అది కాదు.

ఇంకొకటి. ఓటీపీ అడిగినవాడు సర్వేవాడు కాదు. తలుపు వేసేయండి.

అపోహ: దెబ్బలు తప్పు కాదన్న ఆడవాళ్లు దెబ్బలు కోరుకుంటున్నారు

దీని మీద వచ్చిన జోకులు చూసి నాకు రెండు రోజులు మనసు బాగోలేదు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో భర్త భార్యను కొట్టడం సబబేనని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దాదాపు 84 శాతం ఆడవాళ్లు అన్నారు. హిమాచల్‌లో అలా అన్నవాళ్లు 15 శాతం. ఇక్కడ అడిగే తీరు తెలుసుకోవాలి. ఏడు కారణాలు ఒక్కొక్కటే చదువుతాం: చెప్పకుండా బయటికి వెళ్తే, ఇల్లు, పిల్లల్ని పట్టించుకోకపోతే, ఎదురు మాట్లాడితే, వంట సరిగా చేయకపోతే, అత్తమామల్ని గౌరవించకపోతే, ఇలా. ఒక్కదానికి అవునన్నా ఆ 84లోకి వస్తారు. చాలామంది అవుననేది అత్తమామల ప్రశ్నకే. నేను చదువుతుంటే ఒకామె, "తప్పు జేస్తే కొడతడు గద మేడం" అంది. అది సమ్మతి కాదు. ఆ ఇంట్లో నడిచే పద్ధతి ఏంటో చెప్పింది. ఆమెను చూసి నవ్వే ముందు, అదే సర్వేలో మగవాళ్లలో అవునన్నవాళ్లు తెలంగాణలో 70 శాతమని కూడా చదవాలి.

ఆమె మీద చెయ్యి పడిందా అన్నది మాత్రం వేరే ప్రశ్న. దాన్ని ఇంటికి ఒక్క స్త్రీనే, అదీ పక్కన ఎవరూ లేనప్పుడే అడగాలన్నది నియమం. ఒకరు గుమ్మంలో కనపడినా ఆపేస్తాం, అవసరమైతే ఆ భాగం అడక్కుండానే వదిలేస్తాం. అలా వదిలేసిన ఇళ్లు నాకు చాలా ఉన్నాయి. ఎక్కువసార్లు కారణం కోపిష్టి భర్త కాదు. కోడలు ఏం చెబుతుందో, కార్డు ఎక్కడ పోతుందోనని పక్కనే కూర్చున్న అత్తగారు. అందుకే మా పెద్దమ్మ కోడలితో ఫోన్లో చివరికి ఒకటే చెప్పాను: "నీ సంగతి సరే. రేపు వాళ్లు వచ్చి నీతో ఒక్కదానితోనే మాట్లాడాలంటే, పెద్దమ్మను కాసేపు మా ఇంటికి పంపు. చాయ్ పెట్టి కూర్చోబెట్టుకుంటాను."